రద్దీ ఎమర్జెన్సీలో పీజీలకు నేర్పేదెప్పుడు? ముందు వాళ్ళ చేత చెప్పించండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎండీ పూర్తయి ఆరు నెలలు, నగరంలో ఒక పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీలో చేరారు, షిఫ్టుకి నలుగురు పీజీలు (ఎండీ చదువుతున్న డాక్టర్లు), రాత్రిపూట ఒక్క ట్రాలీ కూడా ఖాళీ ఉండదు, మధ్యాహ్నం రెండింటికి క్లాసు పెడితే సగం మంది రారు, వచ్చిన సగం మంది నిద్రపోతారు, పైగా ఒక కుర్రాడు అసలు నోరే విప్పడు, చదువు రాదు, ఇక వీళ్ళకి నేర్పేదెప్పుడు అని అడిగారు. పీజీగా గడిపిన మూడేళ్ళు తీసేస్తే నేనీ పనిలో పదమూడేళ్ళుగా ఉన్నాను. కాస్త పొడుగ్గానే రాస్తాను, టీ పెట్టుకుని చదవండి.

ముందు ఆ నిద్ర సంగతి. అందులో వాళ్ళ తప్పేం లేదు. రాత్రంతా డ్యూటీ చేసినవాడిని ఏసీ గదిలో కూర్చోబెట్టి, లైట్లు ఆర్పి స్లైడ్లు చూపిస్తే నిద్ర రాకపోతేనే ఏదో జబ్బుందని అనుమానించాలి. మీరూ పోయుంటారు, నేనూ పోయాను. నైట్ దిగినవాళ్ళకి క్లాసు వద్దు, ముందు ఇంటికి పంపండి. బండి మీద పంపకండి, ఎవరితోనైనా కలిసి క్యాబ్‌లో వెళ్ళమనండి.

అసలు చిక్కు క్లాసులో లేదు. మనకి నేర్పినవాళ్ళలో ఎక్కువమంది ఎమర్జెన్సీ చదివినవాళ్ళు కాదు. హైదరాబాద్‌లో 108 మొదలైంది 2005 ఆగస్టు 15న. ఎమర్జెన్సీ మెడిసిన్‌ని విడిగా ఒక స్పెషాలిటీగా మెడికల్ కౌన్సిల్ గుర్తించింది 2009లో. అంటే రోగిని తెచ్చే బండి ముందొచ్చింది, దింపిన రోగిని చూడటానికే చదువుకున్న డాక్టరు తర్వాత వచ్చాడు. అంతవరకూ క్యాజువాలిటీ అంటే చీటీ రాయడం, ఎంఎల్‌సీ (పోలీసు కేసయ్యే రోగుల) పుస్తకం నింపడం, 'మెడిసిన్‌కి కాల్ పెట్టు, ఆర్థోకి కాల్ పెట్టు' అనడం. మాకు నేర్పిన సార్లు అనస్థీషియా నుంచో, జనరల్ మెడిసిన్ నుంచో, సర్జరీ నుంచో వచ్చారు. గొప్ప డాక్టర్లే, కానీ నేర్పింది మాత్రం వార్డు రౌండ్ల పద్ధతిలో. సార్ అడుగుతారు, పీజీ అప్పజెప్తాడు, తెలియకపోతే తల వంచుకుంటాడు. వార్డులో అది నడుస్తుంది, ఎందుకంటే అక్కడ రోగి జబ్బు పేరుతో సహా మంచం మీద ఉంటాడు. మన దగ్గరికి జబ్బు పేరు లేకుండా వస్తాడు, ఆ పేరు పెట్టేవరకూ చేయాల్సిన పనే మన స్పెషాలిటీ. అది అప్పజెప్పించుకుంటే వచ్చేది కాదు.

అందుకే నేను చెప్పేది ఒకటే. పీజీ కేసు చెప్పాక మీరు నోరు విప్పకముందే తన నిర్ణయం తన నోటితో చెప్పించండి. రోగిని ఉంచుతావా, పంపుతావా? ఊపిరి కోసం గొంతులో ట్యూబ్ వేస్తావా, ఆగుతావా? తప్పయినా సరే ముందు తేల్చి చెప్పాలి. ఇది నేను కనిపెట్టిందేం కాదు. వన్ మినిట్ ప్రిసెప్టర్ అని 1992లోనే అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ వాళ్ళు ఐదు మెట్లుగా రాసిపెట్టారు. నైట్ డ్యూటీలో నాకు ఐదు గుర్తుండవు, మొదటి రెండే వాడతాను. 'ఏమనుకుంటున్నావు?', 'ఎందుకు?'. అంతే.

ఇది ఎలా ఉంటుందో ఒక కేసు చెప్తాను. డిసెంబరు, రాత్రి రెండున్నర. ఒక ఆటో ఆయన, యాభై లోపే, తన ఆటో తానే నడుపుకుంటూ వచ్చి బయట పార్క్ చేసి లోపలికి నడిచొచ్చాడు. 'సీనే మే జలన్ హై డాక్టర్ సాబ్, గ్యాస్ హోగయా, ఏక్ ఇంజక్షన్ దేదేవ్, జాతూ మై.' ఫస్ట్ ఇయర్ అమ్మాయి చూసి నా దగ్గరికొచ్చింది. ఛాతీలో మంట, బీపీ 150/90, ఈసీజీలో ఎస్‌టీ ఎలివేషన్ (గుండెపోటుని చూపించేలా గీత పైకి లేవడం) లేదు మేడమ్ అని చెప్పి, ఆగి, నా మొహం చూసింది.

మనం పడిపోయేది సరిగ్గా ఆ చూపు దగ్గరే. టకామని ఈసీజీ లాక్కుని చదివేసి చెప్పేస్తాం, పని అయిపోతుంది, వెనక ఇంకో ముగ్గురు ఎదురుచూస్తుంటారు కదా. ఆ రోజు నేను రెండు చేతులూ స్క్రబ్స్ జేబుల్లో పెట్టేసుకుని 'నువ్వేమనుకుంటున్నావు?' అన్నాను. 'గ్యాస్ట్రైటిస్ అయి ఉండొచ్చు మేడమ్.' 'ఉండొచ్చు కాదు. నేనివాళ రాలేదనుకో, నువ్వొక్కదానివే ఉన్నావు. ఇంటికి పంపుతావా, ఉంచుతావా?' ఐదారు సెకన్లు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'ఉంచుతాను.' 'ఎందుకు?' 'చొక్కా తడిసిపోయి ఉంది మేడమ్. ఈ చలిలో ఆటో నడుపుకుంటూ వచ్చి...'

చొక్కా తడిసిన సంగతి తను చూసింది. కానీ కేసు చెప్పేటప్పుడు చెప్పలేదు. ఈసీజీ బాగానే ఉందనిపించగానే దాన్ని మనసులోంచి తీసేసింది. ఇప్పుడు ఆ కాగితం చూడమన్నాను. వీ1 నుంచి వీ3 దాకా, అంటే ఛాతీ ముందు పెట్టిన లీడ్లలో, ఎస్‌టీ కిందికి దిగి ఉంది, ఆర్ వేవ్ పొడుగ్గా ఉంది. 'ఇది గుండె ముందు వైపు నుంచి చూసిన బొమ్మ, వెనక నుంచి చూస్తే ఎలా ఉంటుంది?' అన్నాను. ఆయన్ని పక్కకి తిప్పి వీపు మీద వీ7, వీ8, వీ9 లీడ్లు తనే పెట్టింది. ఎలివేషన్ ఉంది. పోస్టీరియర్ ఎంఐ, అంటే గుండె వెనక గోడకి వచ్చిన గుండెపోటు. ఆయన ఇంకా 'ఇంజక్షన్, ఇంజక్షన్' అంటూనే ఉన్నాడు, మేము గుండె రక్తనాళం తెరిచే క్యాథ్ ల్యాబ్‌కి ఫోన్ చేస్తున్నాం.

నేనే ముందు ఈసీజీ చూసి ఉంటే ఆ అమ్మాయి పోస్టీరియర్ ఎంఐ నేర్చుకునేది. అది పుస్తకంలోనూ ఉంది. కానీ తన కళ్ళు బాగానే పనిచేస్తున్నాయని, కాగితం మీదే నమ్మకం మితిమీరి ఉందని నాకు తెలిసేది కాదు, తనకీ తెలిసేది కాదు. జబ్బు తెలియకపోవడం చిన్న లోటు. కళ్ళతో చూసిన దాన్ని తానే కొట్టిపారేయడం పెద్ద లోటు, అది నోరు విప్పితే తప్ప బయటపడదు.

దీనికి నేను సొంతంగా కలిపిన ప్రశ్న ఒకటుంది. 'వీటిలో ఏదైతే ఇతను పొద్దున్నకి ఉండడు?' వార్డులో ఎక్కువగా కనిపించే జబ్బు ముందు ఆలోచిస్తారు, మనం ముంచేసే జబ్బు ముందు ఆలోచించాలి. తలనొప్పి వస్తే మైగ్రేన్ కాదు, ముందు సబ్‌అరాక్నాయిడ్, అంటే మెదడు చుట్టూ రక్తస్రావం. నడుం నొప్పితో వచ్చిన అరవై ఏళ్ళాయనకి డిస్క్ కాదు, ముందు అయోర్టా, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం. స్పృహ లేనివాళ్ళకి అన్నిటికంటే ముందు షుగర్, సీటీ స్కాన్ తర్వాత. ఎన్నిసార్లు చెప్పినా ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు పక్షవాతం అని స్ట్రోక్ కాల్ పెట్టి, సిస్టర్ వచ్చి 'షుగర్ 32 ఉంది డాక్టర్' అంటే నాలుక కరుచుకుంటారు.

సిస్టర్లంటే గుర్తొచ్చింది. ఎవరిని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్ సిస్టర్, పదిహేనేళ్ళ సర్వీసున్నామె, మీకంటే మంచి టీచరు, ఒప్పుకోవడానికి కొంచెం కష్టంగా ఉంటుంది గానీ నిజం. ఫస్ట్ ఇయర్ వాళ్ళని మొదటి వారం పూర్తిగా ఆమె పక్కన నిలబెట్టండి. రెడ్, ఎల్లో, గ్రీన్ ఎవరికి ఏది అన్నది ఆమె చెప్పకముందే వీళ్ళు చెప్పాలి. అలాగే 108లో వచ్చే ఈఎంటీ (అంబులెన్స్ టెక్నీషియన్) రోగిని అప్పగించే ముప్పై సెకన్లు ఎవరూ రోగి మీద చెయ్యి వేయకూడదు, సీపీఆర్ నడుస్తుంటే తప్ప. మనవాళ్ళకి తొందరెక్కువ. ఆయన చెప్తుండగానే బట్టలు కత్తిరించడం, సూది పెట్టడం మొదలెడతారు, తీరా ఆయన వెళ్ళిపోయాక 'బండి దగ్గర స్పృహలో ఉన్నాడా?' అని అడగడానికి బయటికి పరిగెడతారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు ఎంత నుజ్జయిందో చూసింది ఆయనొక్కడే.

పురుగుమందు కేసులు మనకి బాగా వస్తాయి కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందుకి విరుగుడుగా అట్రోపిన్ ఇవ్వాలని ఎంబీబీఎస్ పిల్లాడికీ తెలుసు. ఎంత, ఎప్పటిదాకా, ఎవరు ఇవ్వాలి అన్నది పీజీకి కూడా చేతికి రాదు. నేను మిల్లీగ్రాముల్లో నేర్పడం మానేశాను, యాంపుల్స్‌లో నేర్పుతాను. మన దగ్గర దొరికే యాంపుల్ 0.6 మిల్లీగ్రాములు. 3 యాంపుల్స్‌తో మొదలు. ఐదు నిమిషాలకి ఊపిరితిత్తుల్లో గరగర తగ్గకపోతే 6. తర్వాత 12. తర్వాత 24. లెక్కేయండి, పావుగంటలో 45 యాంపుల్స్, 27 మిల్లీగ్రాములు. ఒక్క మనిషి 45 గాజు యాంపుల్స్ విరగ్గొట్టలేడు, వేళ్ళు తెగుతాయి. కాబట్టి ఒకరు విరగ్గొట్టాలి, ఒకరు సిరంజిలోకి తీయాలి, ఒకరు ఇవ్వాలి, ఒకరు గడియారం చూస్తూ రాయాలి. ఇదంతా ఖాళీ యాంపుల్స్‌తో, నీళ్ళ సిరంజిలతో ఒక మధ్యాహ్నం చేయించి చూడండి. మొదటిసారి గందరగోళమే, సగం మంది 12 దగ్గరే లెక్క తప్పుతారు. మూడోసారికి వాళ్ళే పనులు పంచుకుంటారు.

ఎక్కడ ఆపాలి అన్నది కూడా నోటితో చెప్పించండి. మనవాళ్ళు టార్చ్ తీసి కంటిపాపలు చూస్తూ కూర్చుంటారు. పురుగుమందు కంట్లో పడి ఉంటే పాప ఎంతకీ పెద్దదవదు. చూడాల్సింది ఛాతీ. స్టెత్ పెడితే శుభ్రంగా ఉందా, పల్స్ 80 దాటిందా, పై బీపీ 80 దాటిందా, చంక పొడిగా ఉందా. అవి కుదిరాక, మొత్తం ఎంత ఇచ్చామో అందులో పది నుంచి ఇరవై శాతం గంటకి డ్రిప్‌లో. ఆ తర్వాత రోగి పిచ్చిగా మాట్లాడుతూ దుప్పట్లు లాగుతుంటే, ఒళ్ళు కాలిపోతుంటే, పొట్టలో పేగుల చప్పుడు లేకపోతే, అట్రోపిన్ ఎక్కువైందని అర్థం. 'ఏజిటేటెడ్‌గా ఉన్నాడు, మిడాజోలం ఇచ్చేదా మేడమ్?' అని మత్తుమందు అడిగేవాళ్ళని అక్కడే ఆపి 'ఎందుకయ్యాడు?' అని అడగాలి. ట్యూబ్ వేయాల్సి వస్తే ఈ రోగికి కండరాలు వదులుచేసే సక్సినైల్‌కోలిన్ ఎందుకు వాడకూడదన్నది కూడా అప్పుడే అడిగేయండి, పరీక్షలోనూ వస్తుంది.

ఇక చేతిపని. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. కన్సల్టెంట్‌గా చేరిన రెండో ఏడు, అప్పుడు పనిచేస్తున్న చోట, ఒక సెకండ్ ఇయర్ అమ్మాయి ట్యూబ్ వేస్తోంది. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 95, 94. తనకి కార్డ్స్ (ట్యూబ్ దూరాల్సిన స్వరతంత్రులు) కనిపిస్తున్నాయి, 'కనిపిస్తున్నాయి మేడమ్' అని కూడా అంది. నాకే టెన్షన్ ఆగలేదు. పక్కకి జరిపి లారింగోస్కోప్, గొంతులోకి చూసే ఆ పరికరం, లాక్కున్నాను. ట్యూబ్ వేశాను, రోగి బాగున్నాడు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ అమ్మాయి తర్వాత రెండు నెలలు ఏదో ఒక వంక పెట్టి ఎయిర్‌వే కేసులకి దూరంగా తిరిగింది. నేను లాక్కుంది ఆ పరికరం ఒక్కటే కాదని అర్థమవడానికి నాకు ఆ రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు ముందే మాట్లాడుకుంటాం. మందు ఎక్కించకముందే పీజీ అందరికీ వినపడేలా చెప్పాలి. మొదట ఏం చేస్తాను, అది కాకపోతే ఏం చేస్తాను, అదీ కాకపోతే ఏం చేస్తాను. శాచురేషన్ 93కి వస్తే ఎవరు పట్టుకున్నా సరే బయటికి తీసి బ్యాగ్ మాస్క్. రెండు ప్రయత్నాలు పీజీవి, మూడోది నాది. ఈ ఒప్పందం ఉంటే 94 దగ్గర నా చెయ్యి దురద పెట్టదు, పీజీకి కూడా నేను ఎప్పుడు మీద పడతానో అన్న భయం ఉండదు. ట్యూబ్ వేశాక క్యాప్నోగ్రఫీ గీత (వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ని చూపేది) చూడకుండా 'ఎయిర్ ఎంట్రీ ఈక్వల్' అంటే నేను ఒప్పుకోను.

ప్రాక్టీసుకి మనిషి బొమ్మలు లేవు, సిమ్యులేషన్ ల్యాబ్ లేదు అంటారు, నాకు తెలుసు. గొంతుకి కోత పెట్టి ఊపిరికి దారి చేయడం బతికున్న మనిషి మీద మొదటిసారి నేర్చుకోవాల్సింది కాదు, అలాగని లక్షల బొమ్మ కూడా అక్కర్లేదు. మా దగ్గర రెండు నెలలకోసారి ఆదివారం మేక గొంతులు తెప్పిస్తాం. మటన్ షాపు భాయ్ మొదటిసారి నన్ను అనుమానంగా చూశాడు, ఆరు గొంతులు, కోయకుండా, ఊపిరితిత్తుల దాకా అంటే ఏం పూజో అనుకున్నాడేమో. ఇప్పుడు శనివారం రాత్రి తానే ఫోన్ చేసి 'ఎన్ని పెట్టమంటారు డాక్టరమ్మా' అంటాడు. గొంతు మీద చర్మానికి బదులు గమ్‌టేప్ చుడతాం. పది నంబరు బ్లేడు, బూజీ (ట్యూబ్‌కి దారి చూపే సన్నటి పుల్ల), ఆరో నంబరు ట్యూబ్. కళ్ళు మూసుకుని వేలితో పొర వెతకాలి, ఎందుకంటే నిజంగా చేసేటప్పుడు రక్తంలో ఏమీ కనపడదు. పక్కటెముకలు కూడా తెప్పిస్తే ఛాతీ ట్యూబ్ కూడా అయిపోతుంది. ఆ రోజు మధ్యాహ్నం ఎవరూ బిర్యానీ తినరు అనుకుంటాను, కానీ తింటారు.

అల్ట్రాసౌండ్ సంగతి రెండు ముక్కలు. పీసీపీఎన్‌డీటీ (గర్భంలో లింగ నిర్ధారణని నిషేధించే) చట్టం ప్రకారం మెషిన్ రిజిస్టర్ అయి ఉందా, అందులో వాడేవాళ్ళ పేర్లున్నాయా అన్నది ముందు మీ హెచ్‌ఓడీతో తేల్చుకోండి, గర్భిణుల విషయంలో ఫారం ఎఫ్ ఎలా నింపాలో పీజీలకి మొదటి రోజే చూపించండి. ఆ తర్వాత ఈఫాస్ట్ (దెబ్బ తగిలినవాళ్ళ పొట్ట, ఛాతీ స్కాన్) ఒక్కటే రోజూ చేయించండి, మిగతావి వాటంతటవే వస్తాయి.

ఎంఎల్‌సీ అంటే పీజీలకి ఉన్న భయం కూడా మనమే పోగొట్టాలి. కత్తిపోటుతో వచ్చినవాడిని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి రమ్మన్న ఫస్ట్ ఇయర్‌ని నేను చూశాను, నిజంగా. ముందు వైద్యం, కాగితాలు తర్వాత అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆ ఒక్క తీర్పు పేరు తెలిస్తే చాలు, అర్ధరాత్రి పీజీకి వెన్నెముక వస్తుంది.

ఇప్పుడు ఎవరూ నేర్పనిది. చావు వార్త చెప్పడం. నేను పీజీగా ఉన్నప్పుడు వనపర్తి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి, ఆమె భర్త గురించి, కారిడార్‌లో నిలబడే చెప్పాను. 'మా ప్రయత్నం మేం చేశాం అమ్మా, ఎక్స్‌పైర్ అయ్యారు' అని. ఆమె తలూపింది. సంచి సర్దుకుని, 'అది ఏ దిక్కు వార్డు బిడ్డా?' అని అడిగింది. ఇప్పటికీ ఆ మాట చెవిలో ఉంది. అందుకని మా పీజీలకి గట్టిగా చెప్తాను. ముందు కూర్చోబెట్టు, నువ్వూ కూర్చో, పేషెంట్ అనకు, 'మీ ఆయన' అను, 'మీ నాన్న' అను, 'చనిపోయారు' అనే మాట వాడు, తర్వాత నోరు మూసుకుని ఉండు. మొదటి మూడుసార్లు నేను చెప్తుంటే పక్కన కూర్చుంటారు, నాలుగోసారి వాళ్ళు చెప్తుంటే నేను కూర్చుంటాను. అటెండెంట్లు పాతిక మంది ఉంటే అందరికీ ఒకేసారి చెప్పడానికి పోవద్దు, ఇంటి మనుషులు ఇద్దరు ముగ్గురిని గదిలోకి పిలవాలి, తలుపు వైపు కుర్చీ మనది. ఈ చివరి మాట ఎందుకో ఎమర్జెన్సీలో పనిచేసినవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు.

తిట్టడం గురించి. రోగికి ప్రమాదం అయితే అప్పటికప్పుడు ఒక్క ముక్క: 'ఆపు, అది ఇవ్వకు.' కారణం, పాఠం, మీ కోపం, అన్నీ తర్వాత, టీ దగ్గర. అటెండెంట్ల ముందు పీజీని తిడితే ఆ రాత్రంతా ఆ రోగి బంధువులు ఆ పీజీ మాట వినరు, అంటే ఒక డాక్టరుని మీరే తగ్గించుకున్నట్టు. అలాగని 'బాగా చేశావ్' అని వదిలేసినా ఉపయోగం లేదు. ఏది బాగా చేశారో చెప్పాలి. 'తడిసిన చొక్కా చూశావు, అది బాగుంది, చెప్పకపోవడం బాగాలేదు.' నేను ఆ అమ్మాయితో అన్నది అంతే.

మీ రెండింటి క్లాసు తీసేయండి. పొద్దున ఎనిమిదింటికి షిఫ్టు మారేటప్పుడు ఎలాగూ అందరూ ఉంటారు. అప్పగింతలు అయ్యాక పది నిమిషాలు, రాత్రి వచ్చినవాటిలో ఒక్క కేసు, స్లైడ్లు లేకుండా, నిలబడే. వారానికొకసారి చెడిపోయిన కేసు ఒకటి, అందులో నెలకొకటైనా మీరు చెడగొట్టింది అయి ఉండాలి. లేకపోతే వాళ్ళవి దాచేస్తారు. లాగ్‌బుక్కులు, థీసిస్, జిల్లా ఆసుపత్రిలో చేసే మూడు నెలల రెసిడెన్సీ, ఇవన్నీ వాటి దారిన అవి నడుస్తాయి. జిల్లా నుంచి తిరిగొచ్చినవాళ్ళని మాత్రం తప్పకుండా కూర్చోబెట్టి అడగండి, సీటీ స్కాన్ లేని చోట ఏం చేశావు అని. వాళ్ళు చెప్పేది మిగతా పీజీలు నోళ్ళు తెరుచుకుని వింటారు.

చివరిగా, నోరు విప్పని మీ కుర్రాడు. చదువు రాదని రాశారు, నాకైతే అనుమానమే. ఎంట్రన్స్ దాటి ఈ సీటు దాకా వచ్చినవాడికి చదువు రాకపోవడమేంటి? మా దగ్గర అలాంటివాడు ఒకడుండేవాడు. పదో తరగతి వరకూ తెలుగు మీడియం, ఊరు నారాయణపేట దగ్గర. కేసు చెప్పమంటే చెమటలు, 'పేషెంట్ ఈజ్... పేషెంట్ కేమ్ విత్...' అంటూ మధ్యలో ఆగిపోయేవాడు. అందరూ మొద్దు అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఒక రాత్రి విసుగొచ్చి 'తెలుగులో చెప్పవయ్యా' అన్నాను. 'మేడమ్, రాత్రి పొలంకాడ కింద పడుకున్నడు, తెల్లారుజామున కడుపునొప్పితో లేచిండు, ఇప్పుడు రెప్పలు వాలుతున్నయి, మింగుతలేడు. గాటు కనిపిస్తలేదు గానీ ఇది కట్లపామే, యాంటీ వీనమ్ పది వయల్స్ మొదలుపెట్టి, ట్యూబ్ సామాను పక్కన పెట్టుకుంటా.' గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. గాటు కనిపించకపోయినా, వాపు లేకపోయినా కట్లపాము కరిచి ఉండొచ్చని మిగతావాళ్ళకి పుస్తకంలో తెలుసు, వాడికి ఊళ్ళో తెలుసు.

ఆ తర్వాత కేసు తెలుగులో, పరీక్షకి ప్రాక్టీసు విడిగా ఇంగ్లీషులో అని పెట్టుకున్నాం. రేపు నైట్‌లో మీవాడి మొదటి కేసు తెలుగులో చెప్పమనండి. చెప్పాక ఆగి మీ మొహం చూస్తాడు, మీరేమీ అనకండి.